నోటికి గుడ్డ కట్టి కలిపిన పానకం

ఇటు తిరుగు తల్లీ. గోడవైపు తిరిగి పడుకుంటే కథ గోడ వింటుంది, నువ్వు వినవు.

ఏడుపు ఆపావా? ఆపలేదా? సరే, ఏడుస్తూనే విను. నాకూ కోపంగానే ఉంది. మధ్యాహ్నం ఎంత ఇష్టంగా కలిపావు ఆ పుచ్చకాయ పానకం! గింజలన్నీ ఏరావు. నిమ్మకాయ పిండావు. తీపి సరిపోయిందో లేదో చూద్దామని గరిటెతో ఒక్క చుక్క నాలిక మీద వేసుకున్నావు. అంతేగా! దానికి మీ పెద్దతాతయ్య "ఆడపిల్లవి, పెద్దవాళ్ళు తాగకుండా నువ్వు ముందు ఎంగిలి చేస్తావా?" అని అంత కేక వేస్తాడా? వేసినవాడు ఊరుకున్నాడా? అదే పానకం రెండు గ్లాసులు తాగాడు!

నాకు అక్కడే మాట నోటిదాకా వచ్చింది. ఇంటికొచ్చిన పెద్దమనిషి కదా అని మింగాను. మింగింది అరగలేదు. అందుకే ఈ కథ. దుప్పటి కప్పుకో.

అనగనగా ఒక ఏరు. ఆ ఏటి ఒడ్డున ఒక ఊరు. వానాకాలంలో ఆ ఏరు ఊరి మీదికి ఉరికి వచ్చేది. ఎండాకాలం వచ్చేసరికి ఒక పక్కన సన్నగా, జడపాయలా పారేది. మిగతాదంతా ఇసుకే. ఆ ఇసుకలో గుంటలు తవ్వి, పెంట వేసి, ఊళ్ళోవాళ్ళు పుచ్చపాదులు పెట్టుకునేవాళ్ళు.

ఆ ఊళ్ళో పోలినాయుడు అని ఒక రైతు. ఆయన కాయలంటే చుట్టుపక్కల సంతలన్నిటిలోనూ పేరు. ఎందుకో తెలుసా? ఏ కాయ తియ్యనో ఆయనకి నక్క చెప్పేది.

నవ్వకు, నిజమే. చీకటి పడ్డాక నక్కలు ఇసుకలోకి దిగి పుచ్చకాయలు కొరికిపోయేవి. నక్క తెలివి నక్కది. తీపి ఎక్కని కాయని ముట్టదు. తెల్లారగానే పోలినాయుడు వెళ్ళి, నక్క ఏ పాదులో నోరు పెట్టిందో చూసేవాడు. అదే పాదున ఉన్న ఇంకో కాయ కోసుకొచ్చేవాడు. "నక్క నోరు పెట్టిన పాదు, తేనె పట్టిన పాదు" అని మీసం తిప్పేవాడు. ఈ మాట గుర్తుపెట్టుకో. ముందుముందు పనికొస్తుంది.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉండేది. ఏటా తొలికాయ కోసిన రోజున పోలినాయుడి ఇంట్లో పానకం చెయ్యాలి. ఆ పానకం ముందు ఏటిలో గంగమ్మకి పొయ్యాలి. ఆ తర్వాత ఊరిపెద్ద తాగాలి. ఆయన్ని అందరూ పెదకాపు అనేవాళ్ళు. ఆ తర్వాత ఇంటి మగవాళ్ళు. ఆ తర్వాత ఊరి మగవాళ్ళు. ఆ తర్వాత పిల్లలు. ఆ తర్వాత ఆడవాళ్ళు. అందరికంటే చివర ఎవరు? చేసినావిడ!

అంతటితో అయిపోతే పోనీలే అనుకుందును. చేసేటప్పుడు ఆవిడ ముక్కుకీ నోటికీ కలిపి పసుపు గుడ్డ ఒకటి కట్టేవాళ్ళు. ఎందుకూ అంటే, ఊపిరి తగిలినా పానకం ఎంగిలైపోతుందట. రుచి చూడకూడదు. వాసన చూడకూడదు. నోరు విప్పి మాట్లాడకూడదు. చెయ్యి మాత్రం ఆడాలి!

పోలినాయుడి పెళ్ళాం పేరు గవరమ్మ. కాపరానికి వచ్చిన నాటినుంచి ఆవిడే ఆ గుడ్డ కట్టుకుని పానకం చేసేది. ఆ తర్వాత కొడుకు సూరిబాబుకి పెళ్ళయింది. నూకరత్నం అని కోడలు వచ్చింది. అప్పుడు గవరమ్మ ఆ గుడ్డని ఉతికి, ఆరేసి, మడత పెట్టి కోడలి చేతిలో పెట్టింది. నగ ఇచ్చినట్టు ఇచ్చింది తల్లీ, నగ ఇచ్చినట్టు!

నూకరత్నం గలగలా మాట్లాడే పిల్ల. పుట్టింట్లో కూర పొయ్యి మీద ఉండగానే మూడుసార్లు ఉప్పు చూసే పిల్ల. అలాంటి పిల్ల నోటికి గుడ్డ కట్టారు.

సరే, మొదటి ఎండాకాలం వచ్చింది. పోలినాయుడు తొలికాయ తెచ్చాడు. నూకరత్నం కాయ మీద వేళ్ళతో కొట్టి చెవి పెట్టి వింది. నిండుకుండలా బరువుగా మోగింది. "పండింది" అనుకుంది. మధ్యకి కోసింది. లోపల ఎర్రగా, మధ్యలో ఇసుకపలుకుల్లా మెరుస్తూ ఉంది. ఆ ఎరుపంతా గంటెతో చెక్కి కుండలో వేసింది. గింజలు ఏరేసింది. రోట్లో నూరలేదు. నూరితే మిగిలిపోయిన గింజ నలిగి చేదొస్తుంది. అందుకని చేత్తోనే మెత్తగా పిసికింది.

అప్పుడు అత్త కొట్టుగది తాళం తీసి కలకండ తెచ్చి ఇచ్చింది. నూకరత్నం దాన్ని దంచి కలిపింది. నిమ్మకాయ పిండింది. చిటికెడు ఉప్పు వేసింది. రెండు మిరియాలు చితక్కొట్టి వేసింది. కుండ మూతికి తడిబట్ట చుట్టి, ఏటి అంచున తడి ఇసుకలో మెడదాకా పూడ్చింది. ఎండ నడినెత్తికి వచ్చేసరికి కుండ చెమటలు పట్టి చల్లగా అయింది.

ఆ తర్వాత ఊరంతా తాటాకు పందిరి కింద చేరి తాగారు. పెదకాపు గుటక వేసి, కళ్ళు మూసుకుని, "ఆహా! గవరమ్మా, నీ చేతి మహిమే మహిమ!" అన్నాడు. గవరమ్మ తల వంచుకుని నవ్వింది. "నేను కాదు బాబూ, కోడలు చేసింది" అని ఒక్క మాట అనొచ్చా లేదా? అనలేదు.

అందరూ వెళ్ళాక నూకరత్నం గుడ్డ విప్పుకుని కుండ వంచింది. అరచేతిలో ఒక గింజ పడింది. నల్ల గింజ. అంతే.

ఆ తర్వాత రెండో ఎండాకాలం వచ్చింది. ఈసారి నూకరత్నం ముందే జాగ్రత్త పడింది. "అత్తా, ఒక్క పిడత నిండా నాకు పక్కన పెట్టుకోనా? అందరూ తాగాకే తాగుతాను" అంది. "పెట్టుకో, నా సొమ్మేం పోయింది" అంది గవరమ్మ. నూకరత్నం చిన్న పిడతలో పోసుకుని, పందిరి వెనక ఇసుకలో పూడ్చుకుంది. పైన ఒక తమలపాకు గుర్తు పెట్టుకుంది.

అందరూ తాగారు. కుండ ఖాళీ అయింది. నూకరత్నం పందిరి వెనక్కి వెళ్ళి వంగింది. అప్పుడే బండి దిగి పెదకాపు వియ్యంకుడు వచ్చాడు. చెమటలు కక్కుతూ వచ్చాడు. "అయ్యో, పానకం అయిపోయిందే!" అన్నారు అందరూ. "అయిపోలేదు, మా కోడలు దాచింది!" అన్నాడు పోలినాయుడు. అని గబగబా వెళ్ళి, ఆ పిల్ల చేతిలోంచి పిడత తీసుకుని, వియ్యంకుడి చేతిలో పెట్టాడు. అడిగాడా? ఎందుకడుగుతాడు! ఆయన గుటగుటా తాగి, మూతి తుడుచుకుని, "పిడత చిన్నది" అన్నాడు.

పిడత చిన్నదట! విన్నావా?

నూకరత్నానికి మిగిలిందేమిటి? తొక్కలు. ఆ తొక్కల మీది ఆకుపచ్చ చెక్కేసి, తెల్లటి కండ తరిగి, పచ్చిమిరపకాయలు వేసి పచ్చడి చేసుకుంది. ఆ పచ్చడి కూడా వాళ్ళే వడ్డించుకు తినేశారు తల్లీ!

అప్పుడు మొగుణ్ణి అడిగింది. "ఏమయ్యా, ఆ పానకం ఎలా ఉంటుంది?"

"ఎలా ఉంటుందేటి? చల్లగా ఉంటుంది" అన్నాడు సూరిబాబు.

"చల్లదనం కుండ చెబుతుంది. రుచి చెప్పు. ముందు తీపి తగుల్తుందా, పులుపు తగుల్తుందా? మిరియం ఎక్కడ తెలుస్తుంది, నాలిక మీదా, గొంతులోనా?"

"చేసిందానివి నువ్వు. నన్నడుగుతావేటే?" అన్నాడు ఆ మహానుభావుడు. అని అటు తిరిగి గురక పెట్టాడు.

ఆ తర్వాత మూడో ఎండాకాలం వచ్చింది. ఆ ఏడు ఎగువన ఎక్కడో అకాలం వాన పడింది. ఏట్లో నీళ్ళన్నీ ఎర్రటి బురద. బురదనీళ్ళ కడవలో పటిక ముక్క తిప్పితే బురద అడుక్కి దిగి, నీళ్ళు తేటపడతాయి కదా. అందుకని గవరమ్మ సంతలో బోలెడు పటిక తెప్పించి, కొట్టుగదిలో కలకండ జాడీ పక్కనే ఇంకో జాడీలో పోసింది. అదీ తెల్లటి పలుకే, ఇదీ తెల్లటి పలుకే. అప్పటికి గవరమ్మ కళ్ళకి పొర కమ్మింది. దీపం వెలుగు చుట్టూ రంగులు కనిపించేవి ఆవిడకి. ఎవరితోనూ చెప్పలేదు. చెబితే తాళంచెవి కోడలి చేతికి పోతుందని భయం.

తొలికాయ రోజు వచ్చింది. గవరమ్మ చీకటి గదిలోకి వెళ్ళి, చేతికి తగిలిన జాడీలోంచి గుప్పెడు పలుకులు తెచ్చి కోడలికి ఇచ్చింది.

నూకరత్నం వాటిని దంచింది. దంచి, తడివేళ్ళతో ముట్టుకుని చూసింది. కలకండ అయితే వేళ్ళకి అంటుకుంటుంది. ఇది అంటుకోలేదు. ఆ పిల్లకి అనుమానం వచ్చింది. గుడ్డ కొంచెం కిందికి లాగి, "అత్తా, ఇది వేళ్ళకి జిగురు తగలట్లేదు. ఒక్క పలుకు నాలిక మీద వేసుకుని చూస్తాను" అంది.

"ఛీ! ఛీ!" అని అరిచింది గవరమ్మ. "తొలికాయ పానకం ఎంగిలి చేస్తావా? మా అత్త నాకిచ్చిన గుడ్డ అది. ఒక్కసారంటే ఒక్కసారీ దించలేదు నేను. కట్టుకో పైకి!"

నూకరత్నం కట్టుకుంది. కలిపింది.

అయ్యో, నువ్వు లేచి కూర్చోకు. పడుకుని విను. జరిగేది జరగనీ.

ఊరంతా పందిరి కింద చేరారు. గంగమ్మకి పోశారు. ఆ తర్వాత పెదకాపు గ్లాసెత్తి పెద్ద గుటక వేశాడు. వేసేసరికి నాలిక ఎండుతోలులా ముడుచుకుపోయింది. చెంపలు లోపలికి పోయాయి. కానీ గంగమ్మ పానకం ఉమ్మకూడదు కదా! మింగాడు. తన నోటికే ఏదో జబ్బు చేసిందనుకుని, "బాగుంది" అన్నట్టు తలాడించాడు.

ఆ తర్వాత పోలినాయుడు తాగాడు. మూతి సున్నాలా అయింది. పెదకాపు బాగుందంటే తను బాగాలేదంటాడా? తనూ తలాడించాడు. ఆ తర్వాత సూరిబాబు తాగాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తనూ తలాడించాడు. అలా వరసగా ఊరి మగాళ్ళంతా మూతులు ముడుచుకుని, ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటూ, గంగిరెద్దుల్లా తలలాడిస్తున్నారు.

చివరికి పెదకాపు మనవరాలికి పట్టారు. పాలపళ్ళ పిల్ల. దానికి ఆచారం ఏం తెలుసు? "థూ!" అని ఉమ్మేసింది. "థూ! పటిక!" అంది.

అప్పుడు అందరికీ నోళ్ళొచ్చాయి. "పటికే! పటికే!" అన్నారు. "ఎవరు చేశారు ఈ పానకం?" అని గర్జించాడు పెదకాపు.

చూశావా తల్లీ? బాగున్న రెండేళ్ళూ ఎవరు చేశారని అడగలేదు. అప్పుడు గవరమ్మ చేతి మహిమ! ఇప్పుడు చెడిపోయేసరికి ఎవరు చేశారు అట! "కోడలు చేసింది, కోడలు చేసింది" అని అన్ని వేళ్ళూ నూకరత్నం వైపు తిరిగాయి. రుచి చూడనివ్వరు, రుచి చెడితే ఊరుకోరు! ఇదెక్కడి న్యాయమే?

పెదకాపు లేచి నిలబడ్డాడు. "గంగమ్మ నోట్లో పటిక పోసింది ఈ గుంట. ఈ చెయ్యి ఈ ఊళ్ళో ఉంటే ఏరు ఎండిపోతుంది, పాదులు మాడిపోతాయి. పొద్దు గుంకకముందే బండి కట్టి పుట్టింటికి తోలెయ్యండి. మళ్ళీ తీసుకురాకండి" అన్నాడు.

పోలినాయుడు ఏటివైపు తిరిగాడు. సూరిబాబు తన కాలి బొటనవేలి వంక చూసుకుంటున్నాడు. దానిమీద ఏం రాసుందో మరి! గవరమ్మ పందిరి గుంజ పట్టుకుని నిలబడింది. ఆవిడకి అప్పటికే అర్థమైంది. చీకటిగదిలో చెయ్యి ఏ జాడీ మీద పడిందో అర్థమైంది.

అప్పుడు నూకరత్నం గుడ్డ విప్పింది. నోటి చుట్టూ గుడ్డ ఒత్తుకున్న గీత ఎర్రగా కనిపిస్తోంది. ఏడవలేదు. "మాట్లాడొచ్చా?" అని అడిగింది. ఎవరూ సరే అనలేదు. సరే అనేదాకా ఆ పిల్ల ఆగలేదు.

"నా నోటికి గుడ్డ కట్టింది మీరు. రుచి ఏమైందని అడుగుతున్నదీ మీరు. కళ్ళకి గంతలు కట్టి, ఎద్దు దారి తప్పిందని కొడతారా? మూడేళ్ళనుంచి చేస్తున్నాను. తీపో చేదో నాకు తెలీదు. గ్లాసులు ఎత్తింది మీరు. మొదటి గుటకలోనే తెలిసింది కదా బాబూ మీకు? తెలిసీ మింగి, తలాడించి, పసిపిల్ల దాకా ఎందుకు రానిచ్చారు?"

పెదకాపుకి ఏమీ తోచలేదు. తోచనప్పుడు ఏం చేస్తారు? అరుస్తారు. "నోరు ముయ్యి!" అన్నాడు.

"మూసే కదా ఇంతదాకా వచ్చింది!" అంది నూకరత్నం. "ఇంకో కాయ ఇప్పించండి. ఇక్కడే, మీ అందరి ఎదుటా చేస్తాను. గుడ్డ కట్టుకోను. రుచి చూసి కలుపుతాను. అది కూడా బాగాలేదంటే, బండి కట్టనక్కర్లేదు, నా కాళ్ళతో నేనే పోతాను."

"రుచి చూస్తావా? ఎంగిలి పానకం గంగమ్మకి పోస్తావా?" అని గోల గోల చేశారు అందరూ.

అప్పుడు నూకరత్నం పోలినాయుడి వైపు తిరిగింది. చాలా మెత్తగా అడిగింది. "మావయ్యా, ఇవాళ్టి కాయ ఏ పాదుది?"

కాయ మాట ఎత్తితే పోలినాయుడికి ఒళ్ళు తెలీదు కదా. మీసం మీదికి చెయ్యి దానంతటదే వెళ్ళింది. "ఏ పాదేటి? నక్క నోరు పెట్టిన పాదు! నక్క కొరికి చూసి, తియ్యన అన్నాకే..." అని ఆగిపోయాడు.

మీసం మీది చెయ్యి అక్కడే ఉండిపోయింది.

"అయితే నక్క రుచి చూస్తే తేనె, కోడలు రుచి చూస్తే ఎంగిలీనా మావయ్యా?" అంది నూకరత్నం.

వెనకాల నిలబడ్డ ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు పక్కావిడకి అంటుకుంది. ఆ పక్కావిడకి అంటుకుంది. కాసేపటికి పందిరి తాటాకులు కూడా నవ్వుతున్నట్టు గలగలలాడాయి. పెదకాపు ఇటు చూశాడు, అటు చూశాడు. ఊళ్ళో సగం మంది నవ్వుతుంటే ఎవరిని తోలేస్తాడు? "చెయ్యి, చూద్దాం" అని చతికిలబడ్డాడు.

కాయ వచ్చింది. కుండ వచ్చింది. ఇక కలకండ కావాలి. గవరమ్మ మొలలోని తాళంచెవి తీసుకుని ఇంటికి వెళ్ళింది. వెళ్ళి ఎంతసేపటికీ రాలేదు. చివరికి రెండు జాడీలూ తెచ్చి కోడలి ముందు పెట్టింది. రెండిట్లోనూ తెల్లటి పలుకులే.

నూకరత్నానికి అంతా తెలిసింది. "ఇదిగో, అత్తే ఇచ్చింది!" అని అరవొచ్చు. అరిస్తే తను బతికిపోతుంది. అరవలేదు. "అత్తా, ఏది కలకండో నాలిక మీద వేసుకుని చూసి చెప్పు" అంది.

గవరమ్మ జన్మలో ఎప్పుడూ అలా చూడలేదు. తొలికాయ పానకంలోకి వెళ్ళే పలుకు నోట్లో వేసుకోవడమా? మొగుడి వంక చూసింది. పెదకాపు వంక చూసింది. ఆ తర్వాత ఎవరి వంకా చూడలేదు. ఒక జాడీలోంచి ఒక పలుకు తీసి నాలిక మీద వేసుకుంది. ఆవిడ మొహం నలిపిన కాగితంలా అయిపోయింది.

"ఇదే" అంది. "పొద్దున్న నేను ఇచ్చింది ఇదే. నాకు కళ్ళు ఆనట్లేదు. పిల్ల అడిగింది, చూస్తానని అడిగింది. నేనే చూడనివ్వలేదు. బండి కట్టాలంటే నాకు కట్టండి."

ఎవరూ కట్టలేదు. కట్టమని ఎవరూ అనలేదు. కోడలికైతే ఎంత తొందరపడ్డారో!

అప్పుడు నూకరత్నం కొంగు దోపింది. కాయ కోసింది, చెక్కింది, గింజలు ఏరింది, పిసికింది. రెండో జాడీలోంచి ఒక పలుకు చప్పరించి చూసి, అది కలకండే అని తేలాక, దంచి కలిపింది. నిమ్మకాయ పిండి, గరిటెతో తీసి నాలిక మీద వేసుకుంది. "పులుపు చాలలేదు" అంది. ఇంకో నిమ్మచెక్క పిండింది. మళ్ళీ చూసింది. "ఉప్పు పడాలి" అంది. ఉప్పు వేసింది. మిరియం వేసింది. మళ్ళీ చూసింది. ఏమీ అనలేదు. నవ్వింది.

అంతలో గుడ్డ గుర్తొచ్చింది. ఆ పసుపు గుడ్డని తేటనీళ్ళలో బాగా ఉతికి, పిండి, ఇద్దరు ఆడవాళ్ళని చెరో కొసా పట్టుకోమంది. పానకం అందులోంచి వడకట్టింది. దాని మొహానికి అన్నాళ్ళకి ఒక మంచి పని దొరికింది!

తడి ఇసుకలో పూడ్చారు. అందరూ కూర్చుని ఎదురుచూశారు. ఎండ మండిపోతోంది. నోళ్ళు పటికతో పిడచకట్టుకుపోయి ఉన్నాయి. పెదకాపు కూడా కుండవైపే చూస్తున్నాడు.

కుండ చల్లబడింది. నూకరత్నం మొదటి గ్లాసు నింపింది. అందరూ పెదకాపుకి ఇస్తుందనుకున్నారు. ఆయన చెయ్యి కూడా చాపాడు. ఆ పిల్ల ఆ గ్లాసు తన నోటి దగ్గర పెట్టుకుంది. తొందరపడలేదు. మెల్లగా, ఒక్కొక్క గుక్కా తాగింది. అడుగుదాకా తాగింది. ఊరంతా చూస్తుండగా తాగింది.

"ముందు తీపి తగుల్తుంది. ఆ తర్వాత పులుపు. మిరియం గొంతులో తెలుస్తుంది" అంది మొగుడితో. "ఇదయ్యా జవాబు."

రెండో గ్లాసు అత్తకి ఇచ్చింది. గవరమ్మ తాగింది. సగంలో ఆగిపోయింది. గ్లాసులోకి చూసింది. "ఇన్నేళ్ళూ నేను చేసింది ఇదేనా?" అంది. "ఇంత బాగుంటుందా ఇది? ఒక్కళ్ళు కూడా చెప్పలేదే నాకు!" ఆవిడ కళ్ళనుంచి నీళ్ళు కారిపోతున్నాయి. ఆ నీళ్ళు గ్లాసులో పడుతున్నా ఆపకుండా మిగతాది తాగేసింది. తాగి, "ఇంకో గ్లాసు పొయ్యవే" అని చెయ్యి చాపింది.

మూడో గ్లాసు గంగమ్మకి. ఏట్లోకి మోకాలిలోతు దిగి పోసింది నూకరత్నం. "అమ్మా, నువ్వూ ఆడదానివే కదా, నీకు తెలీదా?" అంది. పానకం ఎర్రగా నీళ్ళలో కలిసిపోయింది.

ఏరు ఎండిందా? ఎండలేదు. పాదులు మాడాయా? మాడలేదు. ఆ ఏడు కాయలు ఎంత కాశాయంటే, నక్కలు కూడా తినలేక వదిలేశాయి.

ఆ తర్వాత పానకం కుండ వెనకవైపు నుంచి కదిలింది. ముందు ఆడవాళ్ళు, ఆ తర్వాత పిల్లలు, ఆ తర్వాత మగవాళ్ళు. పెదకాపు దాకా వచ్చేసరికి కుండ తేలికైపోయింది. ఆయన గ్లాసులో వంచితే ఏం పడింది చెప్పు?

ఆఁ! గింజ! నల్ల గింజ!

సూరిబాబు సంగతా? ఊరందరి గ్లాసులూ ఇసుక వేసి తోమే పని వాడికి పడింది. తోమాడు. బొటనవేలు చూసుకోడానికి తీరికే లేదు పాపం.

ఇప్పుడు నా మాట విను. కలిపే చేతికి రుచి తెలియాలి. రుచి చూడ్డం ఎంగిలి కాదు, బాధ్యత. రేపు పొద్దున్నే వంటింట్లో ఉన్న రెండో కాయ కోద్దాం. నువ్వే కలుపు. మీ పెద్దతాతయ్య కుర్చీ ఎదురుగా నిలబడి కలుపు. తొలి గుక్క నీది. ఆయన కేకేస్తే నేనున్నాను. ఈసారి నేను మింగను.

నవ్వుతున్నావా? మరి ఆ గోడవైపు ఏముందని తిరిగావు ఇందాక!

ఏరు సంద్రానికి,
గుడ్డ వడపోతకి,
గింజ పెదకాపుకి,
తొలి గుక్క కలిపిన తల్లికి,
కథ కంచికి,
నువ్వూ నేనూ నిద్రకి.